కిఫాయత్‌కీ కంజూసీకీ మధ్య రెండు మార్కులు

ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ మొదటి అంచె పరీక్షలో వంద ప్రశ్నలు, గంట సమయం. అందులో ఇంగ్లిష్‌వి 25. ఫలానా మాటకు పర్యాయపదం ఏది అని నేరుగా అడిగేవి వాటిలో మామూలుగా రెండో మూడో ఉంటాయి. ఒప్పుకు రెండు మార్కులు, తప్పుకు అర మార్కు కోత. ఈ నాలుగో ఆరో మార్కుల కోసం శాలిబండ నుంచి సంతోష్‌నగర్ దాకా పాతబస్తీ కుర్రకారు వేల మాటల జాబితాలు ముందేసుకుని కూర్చుంటారు. ఇంత బట్టీ దండగ అనే లెక్చరర్లున్నారు. బట్టీ లేకుండా ఉద్యోగం ఎట్లా వస్తుందని గద్దించే కోచింగ్ సార్లూ ఉన్నారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. అయితే ఇద్దరూ మాట్లాడేది ఒకే పరీక్ష గురించి కాదు, ఒకే రకం సాధన గురించీ కాదు. తగవంతా అక్కడే వచ్చింది.

ముందు పరీక్షల సంగతి చూద్దాం. ఇంగ్లిష్ పేపర్ అనగానే అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తాం గానీ, దేని పద్ధతి దానిది. ఎస్‌ఎస్‌సీ, సైన్యంలో అధికారులుగా చేరడానికి యూపీఎస్సీ పెట్టే సీడీఎస్, ఇంటర్ పిల్లలు రాసే ఎన్‌డీఏ పాత బాణీలో ఉన్నాయి. ఒక మాటనో, వాక్యంలో గీత గీసిన మాటనో ఇచ్చి నాలుగింట్లో దగ్గరిది ఏరుకోమంటాయి. బ్యాంకు ఉద్యోగాలకు ఐబీపీఎస్ పెట్టే ప్రిలిమ్స్‌లో ఇంగ్లిష్ ప్రశ్నలు 30, సమయం 20 నిమిషాలు. అక్కడ పర్యాయపదం ఒంటరిగా రావడం తక్కువ. ఒక గద్యభాగం ఇచ్చి, ఈ మాటకు ఇక్కడ అర్థమేమిటని అడుగుతారు. ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశాలకు రాసే మన ఐసెట్‌లో 200 ప్రశ్నలుంటే 50 కమ్యూనికేషన్ ఎబిలిటీవి, వాటిలో పదజాలానికీ ఒక వాటా ఉంది. విదేశీ చదువులకు ఇంగ్లిష్ స్థాయిని కొలిచే ఐఈఎల్‌టీఎస్‌లో పర్యాయపదం చెప్పమనే ప్రశ్నే కనపడదు. అయినా దాని రీడింగ్ పేపర్ అంతా పర్యాయపదాల మీదే నడుస్తుంది. పాఠంలో ఒక మాట ఉంటుంది, ప్రశ్నలో దాని సాటి మాట ఉంటుంది. రెండూ ఒకటేనని గుర్తుపట్టినవాడికే జవాబు దొరుకుతుంది. రాతలోనూ మాటలోనూ మార్కులేసే కొలతలు నాలుగు, వాటిలో ఒకటి పదసంపద.

ఈ చివరి పరీక్ష పాతబస్తీ ఇళ్లకు దూరపు సంగతి అనుకోవద్దు. విదేశాల్లో పీజీ చేయాలనుకునే మైనారిటీ విద్యార్థులకు తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్ 20 లక్షల రూపాయల దాకా ఉంది. దానికి దరఖాస్తు పెట్టాలంటే ఇలాంటి పరీక్షల స్కోరు కాగితం చేతిలో ఉండాలి.

ఇక అమెరికా పీజీ చదువులకు రాసే జీఆర్‌ఈ. పర్యాయపదాల బట్టీకి మన దగ్గర ఇంత పేరు రావడానికి మూలం ఇదే. 2011 ఆగస్టు దాకా జీఆర్‌ఈలో వ్యతిరేకపదాలు, పదాల మధ్య పోలికలు విడి ప్రశ్నలుగా వచ్చేవి. బ్యారన్స్ గైడులోని 3,500 మాటల జాబితాను ఒకటికి రెండుసార్లు తిరగేసినవాడికి సగం యుద్ధం గెలిచినట్టే ఉండేది. ఆ ఏడాది ఆ రెండు రకాలూ తీసేశారు. వాటి స్థానంలో వచ్చిన ఒక రకం ప్రశ్నలో ఒక వాక్యం, ఒక ఖాళీ, ఆరు మాటలు ఇస్తారు. రెండు ఎంచుకోవాలి, ఏది పెట్టినా వాక్యం అర్థం ఒకేలా ఉండాలి. ఇందులో ఒక ఎర ఉంది. ఆరు మాటల్లో అచ్చమైన పర్యాయపదాల జత ఒకటి కనిపిస్తుంది గానీ అది వాక్యంలో ఒదగదు. జాబితా బట్టీ పట్టినవాడు వాక్యం చదవకముందే ఆ జతను నొక్కేస్తాడు. పరీక్ష మారి ఇన్నేళ్లయినా ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పుస్తకాల్లో ఆ పాత గైడుకు గిరాకీ తగ్గలేదు. కొనేవాళ్లు ముద్రణ సంవత్సరం చూడరు, మందం చూస్తారు.

అమెరికాలో ఇలాంటి మార్పుల వెనక పెద్ద వాదమే నడిచింది. అక్కడ కాలేజీ ప్రవేశాలకు రాసే శాట్ పరీక్షలో వ్యతిరేకపదాలను 1994లో, పోలికలను 2005లో తీసేశారు. పోలికల ప్రశ్నల్లో 'రెగట్టా' అన్న మాట వచ్చిన ఒకటి బాగా పేరుకెక్కింది. రెగట్టా అంటే పడవ పందేలు. పడవ పందేలు చూసే ఇళ్ల పిల్లలకు అది తెలుస్తుంది, బస్తీ పిల్లవాడికి ఎట్లా తెలుస్తుందని విమర్శకులు అడిగారు. ఆ పరీక్ష తెలివిని కొలుస్తున్నదా, ఇంట్లోని పుస్తకాల అలమరను కొలుస్తున్నదా అన్నది వాళ్ల ప్రశ్న. మన ఎస్‌ఎస్‌సీ పేపరుకూ ఈ ప్రశ్న తగులుతుంది. కానీ ఇక్కడ ఎవరూ గట్టిగా అడగలేదు.

పర్యాయపదాలను వల్లెవేయడం ఈ నేలకు ఇంగ్లిష్‌తో పాటు వచ్చిందనుకుంటే పొరపాటు. తెలుగు వీధిబడుల్లో పిల్లలు అమరం వల్లించేవారు. మూడు కాండల్లో, శ్లోకాల్లో, ఒక్కో వస్తువుకు ఉన్న పేర్లన్నీ వరసగా చెప్పే సంస్కృత నిఘంటువు అది. తెలుగు మాటలకు పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామ సంగ్రహం రాశాడు, అదీ పద్యాల్లోనే. ముస్లిం పిల్లలు చదివే మక్తబుల్లో ఇదే పని నిసాబ్ చేసింది. 13వ శతాబ్దంలో అబూ నస్ర్ ఫరాహీ కూర్చిన 'నిసాబ్-ఉస్-సిబ్యాన్' అరబ్బీ మాటకు పారసీ మాట జతచేసి పద్యంగా చెబుతుంది. పారసీ, అరబ్బీ మాటలకు హిందవీ మాటలు కలిపిన 'ఖాలిక్ బారీ' కూడా ఆ కోవలోదే. దాన్ని అమీర్ ఖుస్రో రాశాడని లోకం అనుకుంటుంది, పరిశోధకుల్లో కొందరు ఒప్పుకోరు. ఎవరు రాసినా శతాబ్దాల పాటు పిల్లల నోళ్లలో నానిన పుస్తకం అది.

ఈ పాత చదువును చిలకపలుకులని కొట్టిపారేసేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. అమరం దగ్గర చదువు ఆగేది కాదు. అమరం తరవాత రఘువంశం వచ్చేది, నిసాబ్ తరవాత సాదీ గులిస్తాన్ వచ్చేది. ముందు నోటికి వచ్చిన మాట, తరవాత కావ్యంలో నడుస్తూ కనపడేది. వల్లెవేత ముడిసరుకైతే చదివే పుస్తకం కార్ఖానా. మన గైడుల్లో ముడిసరుకే ఉంది. కార్ఖానా మూతబడింది.

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంలో మొదలైనప్పుడు కూడా ఇంగ్లిష్‌ను తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంచారు. దాని అనువాద శాఖకు తొలి అధిపతి అయిన మౌల్వీ అబ్దుల్ హక్ సంపాదకత్వంలో 1937లో ఇంగ్లిష్-ఉర్దూ నిఘంటువు వచ్చింది. ఒక్కో ఇంగ్లిష్ మాటకు నాలుగైదు ఉర్దూ సాటి మాటలు కాస్త కాస్త తేడాతో అందులో దొరుకుతాయి. పాతబస్తీ పిల్లలకు ఇంతకంటే మంచి పర్యాయపదాల పుస్తకం నాకు తెలియదు. పోటీ పరీక్షల బల్లల మీద మాత్రం అది ఎక్కడా కనిపించదు.

కనిపించేది థెసారస్, లేదా దాన్ని చూసి దించిన జాబితా. పీటర్ మార్క్ రోజే తన థెసారస్‌ను 1852లో అచ్చువేశాడు. మన సి.పి. బ్రౌన్ నిఘంటువు మద్రాసులో వెలువడిన ఏడాదీ అదే. రోజే పుస్తకం రాసింది ఇంగ్లిష్ వచ్చినవాళ్ల కోసం. మనసులో భావం ఉంది, మాట నాలుక చివర ఆడుతున్నది, దొరకడం లేదు, అలాంటివాడికి దారి చూపడానికి. తెలియని మాటలు నేర్పడం దాని పని కాదు. అందుకే అందులో తేడాలు చెప్పరు, చదివేవాడికి తెలుసన్న ధీమాతో మాటలను పక్కపక్కన పేరుస్తారు. నేర్చుకునేవాడి చేతికి ఆ వరస వస్తే అన్నీ ఒకటేనన్న భ్రమ కలుగుతుంది.

ఆ భ్రమ ఖరీదెంతో ఒక ప్రశ్న కట్టి చూద్దాం. మాట 'ఫ్రూగల్'. ఇచ్చినవి నాలుగు: లావిష్, ఫ్రాజైల్, స్టింజీ, ఎకనామికల్. లావిష్ అంటే దుబారా, అచ్చంగా ఎదురర్థం. ప్రశ్న సరిగా చదవకుండా తొందరపడేవాడి కోసం పెట్టింది. ఫ్రాజైల్‌కు అర్థంతో పనే లేదు, చెవికి ఫ్రూగల్‌లా వినిపించాలని పెట్టారు. మిగిలినవి రెండు. స్టింజీ కూడా డబ్బు బయటికి తీయని గుణమే. గైడులో ఫ్రూగల్, థ్రిఫ్టీ, స్టింజీ, మైజర్లీ ఒకే వరసలో ఉంటే, ఆ వరసను కంఠతా పట్టినవాడు ఇక్కడ ఆగిపోతాడు. ఫ్రూగల్‌లో మెప్పు ఉంది, స్టింజీలో తిట్టు ఉంది. జవాబు ఎకనామికల్.

ఈ తేడా పాతబస్తీ పిల్లలకు కొత్తగా నేర్పక్కర్లేదు. ఇంట్లో దాదీ కూరలో నూనె చూసి పోస్తే కిఫాయత్. పెళ్లి దావత్‌లో బిర్యానీలో ముక్కలు తగ్గిస్తే కంజూసీ. గౌలిపురలోనో లాల్‌దర్వాజాలోనో పెరిగిన తెలుగు పిల్లకు పొదుపరి వేరు, పిసినారి వేరు. తన ఇంటిని గరీబ్‌ఖానా అని, ఎదుటివాడి ఇంటిని దౌలత్‌ఖానా అని అనే మర్యాద వింటూ పెరిగినవాడికి, ఒకే వస్తువుకు రెండు పేర్లుంటే రెండూ ఒకే చోట పనికిరావని వేరే చెప్పాలా? తెలుగులో తినడం, భోంచేయడం, ఆరగించడం ఉన్నట్టే ఇంగ్లిష్‌లో ఆస్క్, క్వశ్చన్, ఇంటరాగేట్ ఉన్నాయి. దారి ఆస్క్ చేస్తాం. సభలో మంత్రిని క్వశ్చన్ చేస్తారు. ఇంటరాగేట్ చేసేది పోలీస్ స్టేషన్‌లో. మూడు భాషల మధ్య బతికే పిల్లలకున్న ఈ సొత్తును క్లాసుగదిలో వాడుకోకపోవడం నన్నడిగితే మన చదువుల్లో పెద్ద దుబారా. ఇంగ్లిష్ క్లాసులో ఇంగ్లిష్ తప్ప మరో మాట రాకూడదన్న నియమం ఉన్నచోట ఇది అసలే జరగదు.

పరిశోధన కూడా దాదాపు ఇటే మొగ్గుతుంది. టింకమ్ 1993లోనూ 1997లోనూ, వారింగ్ 1997లోనూ చేసిన ప్రయోగాల్లో ఒకే కోవకు చెందిన కొత్త మాటలను, అంటే చొక్కా, కోటు, స్వెటర్ లాంటివాటిని, ఒకేసారి నేర్చుకున్నప్పుడు ఆలస్యమైంది. పొంతన లేని మాటలు కలిపి ఇచ్చినప్పుడు త్వరగా వచ్చాయి. దగ్గరి మాటలు ఒకదాని మీద ఒకటి పడి తికమక పెడతాయి. మరి పర్యాయపదాలు వదిలేయాలా? అక్కర్లేదు. స్టువర్ట్ వెబ్ 2007లో జపాన్ విద్యార్థులతో చేసిన అధ్యయనంలో మరో సగం కనబడుతుంది. పర్యాయపదం ముందే తెలిసి ఉన్న కొత్త మాటలను వాళ్లు మెరుగ్గా నేర్చుకున్నారు. ఈ రెంటినీ కలిపి చదివితే దారి తెలిసిపోతుంది. తెలిసిన మాటకు ఒక తెలియని మాటను కట్టడం లాభం. అయిదుగురు అపరిచితులను ఒకే వరసలో నిలబెట్టి అందరి పేర్లూ ఒకేసారి చెప్పమనడం నష్టం. మన గైడులు చేసేది ఈ రెండోదే.

పర్యాయపదం అసలు మనసులో ఎట్లా కుదురుకుంటుందో చెప్పే విచిత్రమైన ప్రయోగం ఒకటి ఉంది. 1997లో లాండౌర్, డ్యూమే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు టోఫెల్ పరీక్షలోని 80 పర్యాయపద ప్రశ్నలను ఒక కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో రాయించారు. దానికి పర్యాయపదాల జాబితా ఎవరూ ఇవ్వలేదు. ఒక విజ్ఞాన సర్వస్వంలోని 30 వేల పైచిలుకు వ్యాసాల్లో ఏ మాట ఏ మాటలతో కలిసి తిరిగిందో లెక్క కట్టుకుంది, అంతే. దానికి 64.4 శాతం వచ్చింది. ఇంగ్లిష్ మాతృభాష కాని దేశాల నుంచి అమెరికా కాలేజీలకు దరఖాస్తు పెట్టిన విద్యార్థుల సగటు 64.5. చదివినకొద్దీ పర్యాయపదాలు వాటంతట అవే తెలుస్తాయని పాత మేష్టార్లు అనేమాటకు ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? చిక్కల్లా ఒక్కటే. ఆ యంత్రం చదివినన్ని లక్షల మాటలు చదవడానికి మన అభ్యర్థికి టైముండదు, నోటిఫికేషన్ వచ్చేసి ఉంటుంది.

అందుకే ఏ మాటలు ముందు, ఏవి వెనక అన్నది తేల్చుకోవాలి. ఢాకాలో చాలా ఏళ్లు పనిచేసి, బెంగాల్ పిల్లల ఇంగ్లిష్ చదువు మీద పుస్తకం రాసిన మైకేల్ వెస్ట్ 1953లో రెండు వేల మాటల జాబితా ప్రకటించాడు. మామూలు రాతలో నూటికి 80 మాటలు వాటిలోనివే. 2000లో ఎవరిల్ కాక్స్‌హెడ్ పై చదువుల పుస్తకాల్లో ఎక్కువగా వచ్చే 570 పదకుటుంబాలను దాని పైన చేర్చింది. ఎవరి సాయం లేకుండా పత్రికో నవలో చదవాలంటే ఎనిమిది, తొమ్మిది వేల పదకుటుంబాలు కావాలని పాల్ నేషన్ 2006లో లెక్క తేల్చాడు. ఈ మెట్లు వదిలేసి మన గైడులు అక్షరక్రమంలో నడుస్తాయి. అబాండన్, అబేస్, అబేట్ అంటూ ఎత్తుకుంటాయి. పరీక్ష దగ్గరపడేసరికి పుస్తకం సగం కూడా అవదు. మన పిల్లలకు 'ఏ'తో మొదలయ్యే మాటలు ఇంత బాగా వచ్చి, 'ఎమ్' దాటితే ఏమీ రాకపోవడానికి వేరే రహస్యం లేదు.

సాధన ఎట్లా ఉండాలి? ఒక మాట తీసుకుందాం. బార్గెయిన్ పదో తరగతి పిల్లకైనా తెలుసు. దాని పక్కన ఈ వారం హ్యాగల్ ఒక్కటే చేర్చాలి. కింద సొంత వాక్యం రాయాలి: లాడ్ బజార్‌లో గాజుల దుకాణం దగ్గర అమ్మ పది రూపాయల కోసం చేసేది హ్యాగల్. అది కుదురుకున్నాక, పై వారం నెగోషియేట్. జీతాల కోసం యూనియన్ యాజమాన్యంతో చేసేది అది. గాజుల దగ్గర నెగోషియేట్ అంటే నవ్వుతారు, యూనియన్ నాయకుణ్ణి హ్యాగల్ చేశావంటే కోపగించుకుంటాడు. ఈ రెండు వాక్యాలు ఉన్న పేజీ, నలభై పర్యాయపదాలున్న గైడు పేజీ కంటే ఎక్కువ మార్కులు తెస్తుంది.

రాసుకున్నది చూస్తూ చదవడం కన్నా మూసి అడుక్కోవడం మేలు. కార్పికే, రోడిగర్ 2008లో కాలేజీ విద్యార్థులకు 40 స్వాహిలీ మాటలు, వాటి ఇంగ్లిష్ అర్థాలు ఇచ్చారు. ఒకసారి వచ్చేసిన మాటనైనా మళ్లీ మళ్లీ మూసి అడుక్కున్నవాళ్లకు వారం తరవాత 80 శాతం గుర్తున్నాయి. వచ్చేసింది కదా అని అడగడం మానేసి, చూసి చదువుకుంటూ పోయినవాళ్లకు దాదాపు మూడో వంతే మిగిలాయి. పెన్నుతో గీతలు గీసిన గైడు చూసి మురిసిపోయేవాళ్లు ఈ అంకెలు గోడకు అంటించుకోవాలి. కాగితం ముక్కకు ఒకవైపు వాక్యం, రెండో వైపు మాట రాసుకుని, తప్పినవి రేపు, వచ్చినవి నాలుగు రోజులకు చూసుకుంటే చాలు. ఖర్చు లేదు, యాప్ అక్కర్లేదు.

గుర్తుపట్టే చిట్కాలు వాడుకోవచ్చు. డియర్త్ అంటే కొరత, అందులో డియర్ దాగుంది, కొరతొస్తే ధర పెరుగుతుంది. ఇలాంటివి పదో పాతికో బాగుంటాయి. అంతకు మించితే చిట్కాలే గుర్తుంటాయి. ధాతువుల దారి చూపిన నార్మన్ లూయిస్ పుస్తకం 1949 నాటిది, ఏడాది గడువున్నవాళ్లకు ఇప్పటికీ మంచిదే.

ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్లకు ఒక హెచ్చరిక. బరువైన మాట వేస్తే మార్కులు రాలతాయని ఎవరో చెబితే నమ్మి, బ్రేక్‌ఫాస్ట్ ఫినిష్ చేశాను అనాల్సినచోట టెర్మినేట్ చేశాను అని రాసే వ్యాసాలు నేను చాలా చూశాను. మాట ఒదగలేదంటే మార్కు పోతుంది. తెలిసిన తేలిక మాట అక్కడ సురక్షితం.

పరీక్ష హాల్లో తెలియని మాట వస్తే? ఎస్‌ఎస్‌సీలో కళ్లు మూసుకుని నాలుగింట్లో ఒకటి పెట్టినా సగటున ప్రశ్నకు మార్కులో ఎనిమిదో వంతు లాభమే. రెండు తప్పుడువి ఏరి పారేయగలిగితే ముప్పావు మార్కు. ఐబీపీఎస్‌లో అయిదు ఎంపికలు, ఒప్పుకు ఒక మార్కు, తప్పుకు పావు కోత. గుడ్డిగా పెడితే లాభమూ లేదు, నష్టమూ లేదు. అంటే సగం తెలిసిన మాటకు కూడా విలువ ఉంది. ఫ్రూగల్ ప్రశ్నలో లావిష్‌నూ ఫ్రాజైల్‌నూ కొట్టేయగలిగినవాడు ఖాళీ వదిలితే తనకు తానే అన్యాయం చేసుకున్నట్టు.

ఇక పాతబస్తీ పరిస్థితి. కోచింగ్ అంతా పాతబస్తీ బయట అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేటల్లో ఉంది. నయాపుల్ దాటగానే అఫ్జల్‌గంజ్‌లో 1891లో ఆసఫియా లైబ్రరీగా పుట్టిన స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది. అక్కడి బల్లల ముందు కూర్చున్న అభ్యర్థుల్లో చాలామంది సొంత గైడులే తెచ్చుకుంటారు. వాళ్లకు లైబ్రరీ అంటే ఫ్యాను, నిశ్శబ్దం. అల్మారాల్లోని పుస్తకం తీసేవాళ్లు తక్కువ. ఇంగ్లిష్ బోధన మీద దేశం మొత్తానికి శిక్షణ ఇవ్వడానికి 1958లో పెట్టిన సంస్థ, ఇప్పటి ఇఫ్లూ, ఇదే నగరంలో ఉంది. ఏళ్ల తరబడి హిందూ పత్రికలో మాటల మధ్య తేడాలను సరదాగా విప్పిచెప్పిన 'నో యువర్ ఇంగ్లిష్' శీర్షిక కె. సుబ్రహ్మణియన్, ఆయన తరవాత ఎస్. ఉపేంద్రన్ చేతుల మీదుగా నడిచింది, ఇద్దరూ ఆ సంస్థ అధ్యాపకులే. ఆ విద్య నది దాటి శాలిబండకు ఎందుకు రాకూడదు?

కాబట్టి అడగాల్సినవాళ్లను అడుగుతున్నాను. 2016లో 71 బడులతో ఇంగ్లిష్ మీడియంలో మొదలైన మైనారిటీ గురుకులాలు రోజూ అరగంట పత్రిక చదివించాలి, ఆ రోజు దొరికిన మాటలకు ఉర్దూలోనూ తెలుగులోనూ సాటి మాటలు పిల్లల చేతే చెప్పించాలి. తెలుగు దినపత్రికల చదువుల పేజీలు వేసేవాళ్లు పర్యాయపదాల పట్టీ బదులు రోజుకు రెండే మాటలు, వాటి తేడా, రెండు వాక్యాలు వేయాలి. గైడుల ప్రచురణకర్తలు వచ్చే ముద్రణలో అక్షరక్రమం తీసేసి, ఎక్కువ వాడే మాటలను ముందుకు తేవాలి. పరీక్షకు రెండు నెలలే ఉన్న అభ్యర్థి మాత్రం కొత్త జాబితా కొనొద్దు. పాత ప్రశ్నపత్రాలు తీసి, వాటిలో తప్పిన మాటలనే పట్టుకోవాలి.